నేను హైబ్రిడ్ అన్న పక్షి

ఒక్క మాట. ఏళ్ళ తరబడి దాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, కక్కలేక, మింగలేక. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నా ధైర్యం. తెలిసినవాళ్ళయితే సగంలోనే ఆపి, "అయ్యో, పోనీలెండి, అదేమంత పెద్ద విషయం" అంటారు. ఆ మాట అనిపించుకోవడానికి కాదు నేను రాస్తున్నది. మీరు ఏమీ అనక్కర్లేదు. చివరిదాకా వింటే చాలు.

ఆ మాట "హైబ్రిడ్". చచ్చిపడున్న ఒక అడవి టర్కీ కోడిని చేత్తో పట్టుకుని అన్నాను. అది అబద్ధం. అంటున్నప్పుడే అబద్ధమని నాకు తెలుసు.

నవ్వొచ్చిందా? రావాలి మరి. కోడి ఏ జాతిదో తప్పు చెబితే ఎవరి కొంప మునుగుతుంది? నేనూ అప్పుడు అదే అనుకున్నాను. మునిగింది. నాది కాదు, అదే వచ్చిన చిక్కు.

రవీందర్ గురించి చెప్పాలి ముందు. కరీంనగర్ వైపు మనిషి. ఒమాహాలో నేను పనిచేసే ఆఫీసులో, నా పక్క సీటులో చేరాడు. వయసులో నాకంటే చిన్న. చేరిన రోజే "అన్నా" అని పిలిచాడు, నేను తల కూడా ఎత్తలేదు. నేను అలాంటి మనిషినే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను, అందులో ఏది నిజమో నాకే తెలియదు. నా అపార్ట్‌మెంట్‌లో ఒకటే కుర్చీ ఉండేది. ఒకరోజు ఏదో పని మీద వచ్చి, కూర్చోడానికి చోటు కోసం చూసి, నేలమీద చతికిలబడి, "ఏందన్నా ఇది, జైలు లెక్కుంది" అని పెద్దగా నవ్వాడు. ఆ సాయంత్రమే నన్ను వాళ్ళింటికి లాక్కుపోయాడు. భార్య శైలజది గుంటూరు. మొదటి పూట నన్ను అన్నయ్యగారూ అంది. రెండో పూటకి "గారు" ఎగిరిపోయింది. అప్పటినుంచి ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే. వారంలో నాతో ఎవరైనా ఆఫీసు సంగతి కాకుండా ఇంకోటి మాట్లాడేది ఆ పూటే.

వేట పిచ్చి రవిది. ఆఫీసులో ఒక అమెరికన్ స్నేహితుడు ఒకసారి అడవికి తీసుకెళ్ళాడు, అంతే, అంటుకుంది. వేట లైసెన్స్ ఉంటే వీసా మీద ఉన్నవాళ్ళు కూడా తుపాకి కొనుక్కోవచ్చని తెలిసిన వారమే కొన్నాడు. అంగిట్లో చిన్న రబ్బరు రేకు పెట్టుకుని అచ్చం పెట్టలా కూసేవాడు. ఆ కూతకి ఎక్కడో లోయ అవతలినుంచి పుంజు గొబగొబమని బదులిచ్చేది. నన్నూ వెంట తీసుకెళ్ళేవాడు, నాకా విద్య రాలేదు. గురి కూడా అంతంతమాత్రమే. నాకు వచ్చిందల్లా చూడటం. పుస్తకాలు తెప్పించుకుని, మ్యూజియంలో సొరుగుల ముందు గంటలు గంటలు నిలబడి, ఈకల రంగులు నేర్చుకున్నాను.

అమెరికాలో అడవి టర్కీల్లో ముఖ్యంగా నాలుగు రకాలు. తూర్పు వైపు ఉండే ఈస్టర్న్‌కి తోక అంచు ముదురు గోధుమ రంగు. ఫ్లోరిడాలో ఉండే ఆసియోలా కూడా అలాంటిదే, రెక్కలు మాత్రం ఇంకా నల్లన. టెక్సస్ వైపు రియో గ్రాండేకి తోక అంచు మాసిన గోధుమ పిండిలా ఉంటుంది. పడమటి కొండల్లో ఉండే మెరియమ్స్‌కి తెలుపు. నాలుగు రకాలూ కొట్టినవాణ్ణి వేటగాళ్ళు కాస్త వేరుగా చూస్తారు. అసలు తంటా ఎక్కడంటే మా నెబ్రాస్కాలో. ఇక్కడ జాతులు కలిసిపోయాయి. దూరంనుంచి మెరియమ్స్ అనుకున్నది దగ్గరికొస్తే తోకలో నాలుగు ఈకలు తెల్లగా, నాలుగు మీగడ రంగులో ఉంటాయి. అది హైబ్రిడ్. నాలుగింటి లెక్కలోకి రాదు. తోక మొదట్లో, నడుం మీద ఉండే చిన్న ఈకల అంచులు చూసి తేల్చాలి. అదీ నీడలో చూడాలి. పొద్దుటి ఎండలో తెలుపు కూడా పచ్చగా కనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకున్న గొప్ప అంతా ఇదే. మా తెలుగు వేటగాళ్ళ గ్రూపు ఒకటుంది ఫోన్‌లో. ఎవరు ఏ పక్షిని కొట్టినా ఫోటో పెట్టి నన్నే అడిగేవారు. నేను ప్యూర్ అంటే ప్యూర్, హైబ్రిడ్ అంటే హైబ్రిడ్. అక్కడ నా మాటకి తిరుగులేదు. ఇంకెక్కడా నా మాటకి అంత విలువ లేదు.

రవికీ నాకూ ఇద్దరికీ మూడు రకాలు అయ్యాయి. మెరియమ్స్ ఒక్కటే మిగిలింది. నాలుగోది పడిన రోజున తుపాకి అమ్మేస్తానని శైలజకి అతను మాటిచ్చాడు. ఆమెకి ఇంట్లో తుపాకి ఉండటం ఇష్టం లేదు. పిల్లల కోసం చూస్తున్నారు అప్పటికి. ఆ వసంతంలో ఇద్దరం రాష్ట్రం ఆ చివర పైన్ చెట్ల కొండలకి వెళ్ళాం. అక్కడ మెరియమ్స్ ఎక్కువ, హైబ్రిడ్‌లూ ఉంటాయి. మా మధ్య ఒప్పందం ఒకటుంది. మొదటి వంతు నాది. నేను చూసి ఊఁ అనేదాకా ఎవరూ కాల్చకూడదు.

తెల్లవారాక ఒకే చెట్టుకి ఆనుకుని కూర్చున్నాం. రవి కూశాడు. పుంజు వచ్చింది. తోక విప్పుకుని, రెక్కలు నేలకి రాస్తూ, ఒక్కో అడుగూ తీరిగ్గా వేస్తూ. ఎంత అందంగా ఉందని! నేను తుపాకి ఎత్తాలి. ఎత్తలేదు. తుపాకి ఒళ్ళోనే ఉంది, చేతిలో బైనాక్యులర్స్. రంగు చూస్తున్నాను. ఎండ అప్పుడే కొండ మీదికొస్తోంది, తేల్చుకోలేకపోతున్నాను. తప్పు పక్షిని కొడితే గ్రూపులో నా పరువేం కావాలి? రవి గొణుగుతున్నాడు, పోతుందన్నా, కొట్టన్నా అని. ఆగు అన్నాను. పుంజు తోక ముడిచింది. పక్కకి తిరిగింది. పొదల్లోకి ఇంకో రెండు అడుగులు వేస్తే మాయమే.

నా చెవి పక్కన తుపాకి పేలింది.

రవి పరుగెత్తాడు. నేను మెల్లగా వెళ్ళాను. నా వంతు. నా పక్షి. నేను చూస్తూ కూర్చున్నాను, వాడు కొట్టాడు. వాడికి ఈకలంటే ఏం తెలుసు? వాడికి ఇల్లుంది, ఇంట్లో దీపం పెట్టే మనిషి ఉంది, రేపో మాపో పిల్లలు. ఇది కూడా వాడికేనా? ఇంత స్పష్టంగా అనుకున్నానని చెప్పను. కానీ కడుపులో మండింది. బాగా మండింది.

బ్యాగ్ తెస్తానని రవి చెట్టు దగ్గరికి వెళ్ళాడు. నేను పక్షిని బండ వెనక నీడలోకి తీసుకెళ్ళి తోక విప్పాను. జేబులో ఎప్పుడూ తెల్ల రుమాలు ఉంటుంది, పోల్చి చూడటానికి. ఈకల అంచు పక్కన పెట్టాను. రుమాలు ఎక్కడ ఆగిందో, ఈక ఎక్కడ మొదలైందో తెలియలేదు. నడుం మీది చిన్న ఈకలూ అంతే. అంత శుభ్రమైన మెరియమ్స్‌ని నేను మ్యూజియం సొరుగుల్లో కూడా చూడలేదు. అడుగుల చప్పుడు వినిపించింది. రుమాలు జేబులో కుక్కేసి, తోకని ఎండలోకి తెచ్చాను.

"చెప్పన్నా. మెరియమ్సే కదా?" ఫోటో తీయడానికి ఫోన్ చేతిలో సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాడు.

నేను తోకని సూర్యుడికి అడ్డంగా ఎత్తి పట్టాను. "నువ్వే చూడు."

"కొంచెం పచ్చగ కొడ్తుందన్నా."

"మీగడ రంగు. రియో కలిసింది. హైబ్రిడ్."

"పక్కానా?"

"నా మాట మీద నమ్మకం లేనప్పుడు నన్నెందుకు అడగడం?"

"అయ్యో, గట్లంటవేందన్నా. నువ్వు చెప్పినంక ఇంకేముంది." ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ వంతుల కొట్టిన. తప్పయిందన్నా. మనసుల పెట్టుకోకు."

వాడు నాకు క్షమాపణ చెప్పాడు. నాకు.

అప్పుడు చెప్పొచ్చు కదా? నవ్వేసి, ఊరికే ఏడిపించానురా, ప్యూరే అనొచ్చు కదా? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. ఒక్క క్షణం పట్టేది. కానీ మెరియమ్సే అని ఒప్పుకుంటే, ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య, అవసరమైన ఆ నిమిషంలో నాకు పనికిరాలేదని. వాడు ఏమీ తెలియకుండా సరిగ్గా కొట్టాడు. నేను అన్నీ తెలిసి కూర్చున్నాను. మాంసం మాత్రం మంచు పెట్టెలో వేసుకున్నాం. హైబ్రిడ్ తోక నాకెందుకని రవి ఆ చెట్టుకిందే వదిలేశాడు. ఫోటో లేదు, ఈక లేదు. చీమలు తినేసి ఉంటాయి.

దారిలో శైలజకి ఫోన్ చేసి, ఈసారి కాలేదు, ఇంకో ఏడాది ఓపిక పట్టు అన్నాడు. ఆమె నవ్వింది. అప్పటికి అది నవ్వుకునే సంగతే.

మరుసటి ఏడాదికి శైలజ కడుపుతో ఉంది. అయినా పాప పుట్టకముందే నాలుగోది అయిపోవాలి, తుపాకి ఇంట్లోంచి వెళ్ళిపోవాలి అని రవి పంతం. ఆ మాటలో భార్య మీద ప్రేమే ఉంది, చూడండి. ఎక్కడికెళ్తే ఏ అనుమానం లేకుండా ప్యూర్ దొరుకుతుందని నన్నే అడిగాడు. సౌత్ డకోటాలో బ్లాక్ హిల్స్‌కి వెళ్ళు, అక్కడ ఇంకో జాతి కలవలేదు అన్నాను. నిపుణుణ్ణి కదా. నువ్వూ రా అన్నా అన్నాడు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నాను. రిలీజ్ ఏమీ లేదు. వాడి పక్కన ఇంకోసారి చెట్టుకి ఆనుకుని కూర్చోలేను, అంతే.

రవి వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం శైలజ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఎందుకో బాలేదు. నువ్వు రాగలవా?" గొంతు ఆమెదిలా లేదు. వెళ్ళి కార్‌లో ఎక్కించుకున్నాను. సీటు తడిసిపోయింది రక్తంతో. నెలలు నిండలేదు. హాస్పిటల్‌లో మీరు ఏమవుతారని అడిగితే బ్రదర్ అన్నాను. రవికి ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్, మళ్ళీ చేస్తే మళ్ళీ వాయిస్ మెయిల్. కొండల్లో సిగ్నల్ ఉండదు. అక్కడి షెరిఫ్ ఆఫీసుకి చెప్పి, అతని కారు ఎక్కడ ఆగి ఉందో వెతికించి, అద్దం మీద చీటీ పెట్టించాను. శైలజ నా చెయ్యి పట్టుకుని అడుగుతూనే ఉంది, వచ్చాడా, వచ్చాడా అని. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు కూడా తలుపు వైపే చూసింది.

పాప పుట్టింది. అరచేతిలో పట్టేంత. గాజు పెట్టెలో గొట్టాల మధ్య పెట్టారు. బతికింది. ఇప్పుడు బాగానే ఉంది, మీరు కంగారుపడకండి.

రవి మర్నాడు పొద్దున వచ్చాడు. చీటీ చూసి రాత్రంతా డ్రైవ్ చేశాడు. బూట్లకి ఎర్రమట్టి. వాడు కొండల్లో ఏమీ కొట్టలేదు. గాజు పెట్టె ముందు నిలబడి, నన్ను పట్టుకుని ఏడ్చాడు. నువ్వు లేకపోతే ఏమయ్యేదన్నా అన్నాడు. నేను లేకపోతే నువ్వసలు ఆ కొండలకి వెళ్ళేవాడివే కాదు రవీ. ఈ వాక్యం నాలుక చివర ఉంది. పాప బాగుంది, ఊరుకో అని మాత్రం అన్నాను.

ఇంతవరకే అయితే బహుశా నేను మీకు ఇది రాసేవాణ్ణి కాదు. ఇంకోటుంది.

పాపకి అన్నప్రాశన చేశారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి ముద్ద పెట్టాలి. శైలజ తమ్ముడికి హైదరాబాద్‌లో వీసా రాలేదు. "నాకిక్కడ అన్నయ్యంటే నువ్వే, నువ్వే కూర్చోవాలి" అంది. మేనమామకి పెట్టాల్సిన బట్టలు పెట్టారు. పట్టుపంచె కట్టుకోవడం నాకు రాకపోతే రవే కట్టాడు, వంగి, కుచ్చిళ్ళు సర్ది. పీట మీద కూర్చున్నాను. పాపని ఒళ్ళో పెట్టారు. బంగారపుటుంగరంతో పాయసం నాలిక్కి రాశాను. చప్పరించి మూతి ముడిచింది. అందరూ మురిసిపోయారు. దేవుడిలాంటి మేనమామ దొరికాడమ్మా అని ఎవరో పెద్దావిడ అంది. శైలజ నవ్వుతూ, అందరికీ వినపడేలా అంది: "మరేనండీ. కన్నతండ్రి కోడి కోసం కొండలెక్కితే, మా అన్నయ్యే దిక్కయ్యాడు."

అందరూ నవ్వారు. ఫోటోలు తీస్తున్న రవి కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను. ఫోన్ వెనక సగమే కనిపించింది, అయినా చూశాను.

ఇప్పుడు అసలుది చెబుతాను. ఆ పీట మీద నాకు సంతోషంగా ఉంది. సిగ్గు, భయం, అన్నీ ఉన్నాయి, కాదనను. కానీ వాటి కింద సంతోషం ఉంది. ఒళ్ళో పాప వెచ్చగా ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఒక ఇంట్లో నాకంటూ ఒక చోటు దొరికింది. అది రవి చోటులోంచి కోసుకున్న ముక్క అని తెలుసు. తెలిసీ లేవలేదు. పక్షి దగ్గర చెప్పిన అబద్ధం ఓర్వలేక అన్నది. అదొక నిమిషం పాపం. మరి ఇది? ఇన్నేళ్ళుగా మేనమామగా చెలామణీ అవుతున్న ఇది?

శైలజ ఆ మాట కోపంగా ఒక్కసారి కూడా అనలేదు. ఎప్పుడూ నవ్వుతూనే. బర్త్‌డేల్లో, తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ విందుల్లో, పాపకి జ్వరమొచ్చినప్పుడు, చెత్త డబ్బా బయట పెట్టడం మరిచిపోయినప్పుడు. "కోడి" అనే మాట ఆ ఇంట్లో ఒక ముల్లయిపోయింది. తలుపు దగ్గర చూస్తూ గడిపిన ఆ సాయంత్రం ఆమె మరిచిపోలేదు, ఎలా మరిచిపోతుంది? రవి తుపాకి అమ్మేశాడు. తర్వాత కూత మానేశాడు, జోకులు మానేశాడు. ఆఫీసు అంతా వినపడేలా నవ్వే మనిషి, పాలు తేవడానికి బయటికెళ్ళాలన్నా వెళ్ళనా అని అడిగే మనిషయ్యాడు. కొన్నాళ్ళకి వాషింగ్టన్ రాష్ట్రంలో, రెడ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. నా ఆదివారాలు మళ్ళీ ఖాళీ అయ్యాయి. కుర్చీలు మాత్రం ఇప్పుడు నాలుగున్నాయి, వాళ్ళు వస్తారని ఒకప్పుడు కొన్నవి.

చెప్పకపోవడానికి నా దగ్గర మంచి మంచి కారణాలున్నాయి. చెబితే ఆ ప్రయాణమే అక్కర్లేదని తెలిసి రవి ఇంకా కుమిలిపోతాడు. మానిన పుండు రేపడం ఎందుకు? శైలజ ఏమైపోతుంది? ఎంత బాగున్నాయో చూశారా? అన్నీ బూటకం. అసలు కారణం ఒకటే. ప్రతి ఆదివారం పాప వీడియో కాల్ చేసి "మామ" అంటుంది, అమెరికన్ యాసలో, చివరి దీర్ఘం లేకుండా. వారం మొత్తానికి నా ఫోన్ మోగేది అప్పుడే. చెప్పిన మరుక్షణం ఆ ఫోన్ ఆగిపోతుంది. నేను రవికి నిజం ఇవ్వకుండా దాచుకుంటున్నది ఆ పిలుపు కోసం.

నేను తుపాకి ముట్టుకుని ఏళ్ళయింది. గ్రూపులో మాత్రం ఏప్రిల్ వస్తే ఇప్పటికీ ఫోటోలు వస్తాయి. మాస్టారూ, ప్యూరా, హైబ్రిడా? నేను జవాబిస్తాను. నిజమే చెబుతాను, ప్రతిసారీ. ఎంత జాగ్రత్తగా చూస్తానో.

మొన్న ఆదివారం పాప చేతిలోంచి ఫోన్ తీసుకుని రవి మాట్లాడాడు. గొంతు తగ్గించి, "అన్నా, ఈ వాషింగ్టన్ తూర్పు దిక్కు కొండలల్ల మెరియమ్స్ ఉంటయట గదా" అన్నాడు. ఉంటాయన్నాను. "నేను పోనులే. ఊరికే అడిగిన. ఆ ఒక్కటి ఉండిపోయింది గదా అని." వెనకనుంచి శైలజ గొంతు వినిపించింది, మళ్ళీ కోడేనా అని, నవ్వుతూ. ఉంటనన్నా అని గబుక్కున పెట్టేశాడు.

ఆ ఒక్కటి ఉండిపోయిందట. ఇంతకాలం వాడు ఆ లోటు మోస్తున్నాడు, దాని కోసం మాటలు పడుతున్నాడు, తన పాప పుట్టిన పూట లేనందుకు తనని తానే తిట్టుకుంటున్నాడు. లేని లోటు. నేను చేతులారా తయారుచేసి వాడి చేతిలో పెట్టింది. ఫోన్‌లో వాడి నంబరు తీశాను. తిరిగి చేయలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అందుకే మీకు రాస్తున్నాను. దీన్ని రవికి పంపుతానా? పంపుతానని మీకు మాటిస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు. ఇవ్వను. నన్ను క్షమించమనీ అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కటి మాత్రం, సూటిగా, నీడలో పెట్టి చూసినట్టు చెబుతాను. ఆ పొద్దున పైన్ చెట్ల కొండ మీద పడింది మెరియమ్స్. అంచుదాకా తెలుపు. కొట్టింది రవీందర్. నాలుగు రకాలూ కొట్టినవాడు రవీందర్. ఆ తర్వాత వాడు ఏ కొండా ఎక్కాల్సిన పని లేదు.

ఈ సంగతి ఇంతవరకు లోకంలో ఒక్కడికే తెలుసు. ఇప్పుడు ఇద్దరికి తెలుసు.